కోట్లు పోస్తే కప్పు రాదు: టైటాన్స్ అనుభవం ఉద్దానం కాలేజీ జట్లకు ఏం చెబుతోంది?

పలాస, టెక్కలి కాలేజీ జట్లు కబడ్డీ కోర్టులో ఎదురుపడితే అది పరువు సమస్య. చూస్తే రెండు వైపులా కవిటి, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లే. అయితే ఇప్పుడు ఈ పోటీలో పరువును మించింది ఒకటి చేరింది. అది ఉద్యోగం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉంటే, క్రీడాకారులకు 421 కేటాయించారు. తగిన చదువుంటే చాలు, రాత పరీక్ష లేకుండా ఆటలో సాధించిన సర్టిఫికెట్లే లెక్క. అంటే కాలేజీ జట్టులో చోటు దొరకడం, యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కావడం ఒక ఇంటి బతుకునే మార్చేస్తుంది. అందుకే ఎవరిని తీసుకుంటున్నారు, ఎలా తీసుకుంటున్నారు అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

స్టార్‌ను కొంటే సరిపోతుందా?

దీనికి జవాబు తెలుగు టైటాన్స్ దగ్గరే ఉంది. ప్రో కబడ్డీ లీగ్ 8, 9, 10 సీజన్లలో ఆ జట్టు వరుసగా అట్టడుగున నిలిచింది. మూడు సీజన్లలో కలిపి గెలిచినవి ఐదే మ్యాచ్‌లు. డబ్బు పెట్టలేదా అంటే, పెట్టింది. పవన్ సెహ్రావత్ కోసం 10వ సీజన్‌లో 2.60 కోట్లకు పైగా ఖర్చు చేసింది.  ఆ సీజన్‌లో అతను బాగానే ఆడాడు గానీ, చుట్టూ ఆసరా లేకపోయింది. 11వ సీజన్‌లో 12 విజయాలతో జట్టు కోలుకుంది. 2025లో పవన్ లేడు. విజయ్ మలిక్ కెప్టెన్సీలో, భరత్ లాంటి ఆల్‌రౌండర్ అండతో ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది. ఒక్కడి భుజాల మీద ఏడుగురి జట్టు నడవదని తేలిపోయింది.

అసలు పరీక్ష ఆఖరి ముగ్గురి దగ్గరే

ఫుట్‌బాల్‌లో గోల్ ముందు దాకా బంతి తెచ్చి తడబడే జట్లను చూస్తుంటాం. కబడ్డీలో ఆ ఘట్టం అవతల ముగ్గురో ఇద్దరో మిగిలినప్పుడు వస్తుంది. వాళ్లను కూడా ఔట్ చేస్తే ఆలౌట్ కింద రెండు పాయింట్లు అదనం. అదే ముగ్గురు మన కూతగాడిని పట్టేస్తే అది సూపర్ ట్యాకిల్, వాళ్లకు రెండు పాయింట్లు. పైగా బయట కూర్చున్న వాళ్ల ఆటగాడు ఒకడు లోపలికొస్తాడు, మనవాడు బయటికెళ్తాడు. అప్పటిదాకా పడ్డ కష్టమంతా ఒక్క కూతలో నీళ్లపాలు.

ఎంపికలో కోచ్‌లు చూడాల్సింది ఇదే. ఏడుగురు ఉన్నప్పుడు బోనస్ గీత తొక్కి వచ్చేవాడు ఒకడు. ఆరుగురి కంటే తగ్గితే ఆ బోనస్సే ఉండదు. ముగ్గురు మిగిలినప్పుడు తొందరపడకుండా, మూడో కూత దాకా ఆగి, చెయ్యి తగిలించి వచ్చేవాడు ఇంకొకడు. ఇద్దరూ కావాలి. మొత్తం ఎన్ని పాయింట్లు తెచ్చాడన్న లెక్కతో పాటు, ఏ స్థితిలో తెచ్చాడో కూడా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు, సిఫారసుల నోరు మూతపడుతుంది.

రహీం సాబ్ దారి

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం స్థానిక కుర్రాళ్లతోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేశారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ వచ్చింది. రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలని, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ ఆయనే. లోపాన్ని చూసి కుర్రాడిని పక్కన పెట్టలేదు, ఆ లోపం మీదే పని చేయించారు.

ఉద్దానంలో ఇంకో ముప్పు

కబడ్డీలో బరువు పరిమితి ఉంటుంది. తూకం ముందు రెండు రోజులు నీళ్లు మానేసి, ఎండలో పరిగెత్తి కిలోలు తగ్గించడం చాలా చోట్ల కనిపించే అలవాటు. ఎక్కడైనా ఇది ప్రమాదమే. కిడ్నీ జబ్బు ఇంటింటినీ భయపెడుతున్న ఉద్దానంలో మరీ ప్రమాదం. ఆ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు గానీ, ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గిపోవడం పరిశోధకులు అనుమానిస్తున్న వాటిలో ఉన్నాయి. నొప్పులకు మాత్రలు మింగి ఆడటం కూడా కిడ్నీలకు చేటే. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడ ఏడాదికోసారి ప్రతి ఆటగాడికీ క్రియాటినిన్, బీపీ పరీక్ష చేయించడం కాలేజీలకు కష్టమైన పనేం కాదు.

కాబట్టి కావాల్సినవి మూడే. ఎంపిక పోటీల స్కోరు నోటీసు బోర్డు మీద పెట్టాలి. సాధన ఉదయం చల్లగా ఉన్నప్పుడే జరగాలి, పక్కన మంచినీళ్లు ఉండాలి. తూకం పేరుతో ఎవర్నీ ఎండబెట్టకూడదు. పలాస గెలిచిందా, టెక్కలి గెలిచిందా అన్నది ఆ సాయంత్రం వరకే. అర్హుడికి సర్టిఫికెట్ దక్కిందా, వాడి ఆరోగ్యం నిలబడిందా అన్నది ఆ ఇంటికి జీవితాంతం ఉండే లెక్క.