దొరికిన సామానుకి రసీదేదీ?

ఈ సంచికకి 'విద్యార్థి - సమాజం' అన్న విషయం మీద ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగేరు. అంత బరువు నేను మొయ్యలేను, రైల్లో మరిచిపోయిన సామాను గురించి రాస్తానన్నాను. నవ్వేరు. "గొడుగు పోయిందా?" అన్నాడొకడు. గొడుగు కాదు. పదో తరగతి మార్కుల జాబితా మొదలుకొని డిగ్రీ పట్టా దాకా ఉన్న ఫైలు పోయింది. దొరికింది కూడా. దొరికిన తీరే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

విశాఖపట్నంలో కౌన్సెలింగుకి వెళ్ళి పలాస పాసింజర్లో వస్తున్నాను. జనరల్ బోగీ. నిలబడ్డానికే చోటు లేదు. ఫైలు చేత్తో పట్టుకుంటే నలిగిపోతుందని పైన సామాన్ల బల్ల మీద పెట్టేను. ఆ రోజు చుట్టాలింటికి పోవాలని ఇంటికి చేరకుండానే మధ్యలో ఒక స్టేషన్లో దిగేను. పేరు చెప్పను. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేసేక చెయ్యి ఖాళీగా ఉందని తెలిసింది. వెనక్కి తిరిగేసరికి ఆఖరి పెట్టె వెనక ఎర్రదీపం కనిపించింది.

ఆఫీసు గదిలోకి పరిగెత్తేను. "పోలీసులకి చెప్పు" అన్నారు. పోలీసుల దగ్గరికి పోతే "దొంగతనమా, మరిచిపోవడమా?" అన్నారు. మరిచిపోవడమే అన్నాను. "అయితే మాది కాదు, మాస్టరుగారికి చెప్పు." మళ్ళీ మొదటి గదికి. "ఏ పెట్టె? ఏ బెర్తు?" జనరల్ బోగీకి బెర్తు ఎక్కడిది సార్ అంటే, "మరి మేం ఎక్కడని వెతికించాలి?" అన్నారు. ఆ మాటలో అన్యాయం ఉందని అప్పుడు కోపం వచ్చింది గాని, తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది సబబే. నా దగ్గర జవాబు లేకపోవడమే తప్పు. దాని సంగతి కింద రాస్తాను.

మూడో రోజు ఫోను వచ్చింది. టెక్కలి వైపు ఒక పల్లె నుంచి, బడి పంతులుగారు. మా ఊరి ముసలమ్మకి మీ కాగితాలు దొరికేయి, హాల్‌టిక్కెట్టు మీద నీ నెంబరుంటే చేసేను అన్నారు. పోయేను. రైళ్ళలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకునే అవ్వ. ఫైలుని పాత చీరముక్కలో చుట్టి, ధాన్యం కుండ మీద పెట్టి ఉంచింది. ఒక్క కాగితం మడత పడలేదు. "అవ్వా, స్టేషన్లో ఇచ్చేస్తే నీకీ శ్రమ లేకపోను కదా" అన్నాను, తెలివైన మాట అన్నాననుకొని.

"ఇచ్చేద్దునే బావూ. ఇస్తే నీకెక్కడిదే, ఏ పెట్టిలో ఎత్తుకొచ్చినావే అని అడగరా? నానేటి సెప్పీది?"

నాకు నోట మాట రాలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. లైసెన్సు లేకుండా రైల్లో సరుకు అమ్మడం 1989 నాటి రైల్వే చట్టం 144వ సెక్షను ప్రకారం నేరం. జుల్మానాయే కాదు, జైలు కూడా ఉంది అందులో. అంటే చూడండి: బండి ఈ చివర్నుంచి ఆ చివరికి రోజుకి నాలుగుసార్లు నడిచేదెవరు? ఎవరు దిగిపోయేరో, ఏ బల్ల మీద ఏ సంచీ మిగిలిందో కళ్ళారా చూసేదెవరు? శనక్కాయలవాళ్ళు, టీ వాళ్ళు, పెట్టెలు ఊడ్చేవాళ్ళు. పోయిన వస్తువు మొట్టమొదట దొరికేది వాళ్ళకే. దాన్ని తీసుకెళ్ళి అప్పగించవలసిన గుమ్మం తొక్కడానికి భయపడేదీ వాళ్ళే. పైగా మైకులో రోజంతా ఒకటే మాట: యజమాని లేని వస్తువుల్ని తాకకండి, వెంటనే తెలియజేయండి. బాంబుల కాలంలో ఆ మాట అవసరమే, కాదనను. కాని తెలియజెయ్యడానికి కాళ్ళు రావాలి కదా!

చట్టం నిజంగా అంత కఠినమైనదా అని లా చదివే మిత్రుణ్ణి అడిగేను. వాడు పుస్తకం తీసి చూపించేడు. 1860 నాటి పీనల్ కోడు 403వ సెక్షనులో దారిలో రూపాయి దొరికినవాడి ఉదాహరణ ఉంది. అది ఎవరిదో తెలియక తీసుకుంటే నేరం కాదు. ఉత్తరంలో పెట్టిన నోటు దొరికి, పైనున్న చిరునామా చదివి కూడా దాచేసుకుంటే నేరం. యజమానికి చేర్చాలనో, భద్రంగా ఉంచాలనో తీసినవాడు దొంగ కాడని ఆ సెక్షనే విడమరిచి చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 314వ సెక్షనయింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మరో అడుగు ముందుకేసింది. వస్తువు దొరికినవాడు తన దగ్గర ఒకరు దాచమని ఇచ్చిన సొత్తులా దాన్ని చూసుకోవాలట. అది 71వ సెక్షను. యజమానిని వెతకడానికి పడ్డ శ్రమకీ ఖర్చుకీ దావా వెయ్యలేడు గాని, ఆ ఖర్చు ముట్టేదాకా వస్తువుని తన దగ్గరే ఉంచుకోవచ్చునట; అది 168. అవ్వ పంతులుగారి ఇంటికి రెండుసార్లు నడిచింది, ఒక పూట బేరం పోగొట్టుకుంది. ఆ లెక్క నేను ఇచ్చేదాకా ఫైలు ఇవ్వనని ఆమె అంటే, చట్టం ఆమె పక్షానే నిలబడుతుంది. ఈ సంగతి ఆమెకి ఎవరు చెప్పేరు? నూట యాభై ఏళ్ళ నుంచీ పుస్తకంలో ఉంది. మనం చదువుకున్నవాళ్ళం, మనకే తెలియదు!

జపానులో పోయిన సొమ్ముకి ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది. అప్పగించినవాడికి విలువలో నూటికి 5 నుంచి 20 వంతుల దాకా బహుమానం అడిగే హక్కు. మూడు నెలల్లో యజమాని రాకపోతే సాధారణంగా వస్తువు వాడిదే. అక్కడివాళ్ళు నిజాయితీపరులని మెచ్చుకుంటూ మనవాళ్ళు వ్యాసాలు రాస్తారు. ఆ నిజాయితీకి వెనక ఒక కౌంటరు, ఒక రసీదు, ఒక గడువు ఉన్నాయని రాయరు.

మన పత్రికల్లో అప్పుడప్పుడు ఫోటో వస్తుంది: 'ఆటో డ్రైవరు నిజాయితీ', 'పారిశుద్ధ్య కార్మికురాలి నిజాయితీ'. నగల సంచీ, పక్కన ఎస్సైగారు, వెనక పది మంది. మంచిదే. కాని 'ఫలానా ఆఫీసరు నిజాయితీ' అని శీర్షిక ఎప్పుడైనా చూసేరా? పేదవాడు దొంగిలించకపోవడం మనకి వార్త. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది.

ఇక రైల్వే బాధ్యత సంగతి. బుక్ చేసి రసీదు పుచ్చుకున్న సామానుకే రైల్వే పూచీ. మన చేతిలో మోసుకెళ్ళే సంచీ పోతే, అది వాళ్ళ సిబ్బంది నిర్లక్ష్యం వల్లనో, చెడు నడత వల్లనో పోయిందని మనం రుజువు చేస్తేనే బాధ్యత. 100వ సెక్షను సారాంశం ఇది. కాబట్టి మరిచిపోయిన సామాను వెతికి ఇమ్మని దబాయించలేం. అయినా దొరికిన వస్తువుని స్టేషన్‌లో పుస్తకంలో ఎక్కించాలి, కొన్నాళ్ళు ఉంచాలి, ఎవరూ రాకపోతే పోయిన సామాన్ల ఆఫీసుకి పంపాలి. పద్ధతి ఉంది. ఈ మధ్య రైల్వే రక్షణ దళం 'ఆపరేషన్ అమానత్' అని పేరు పెట్టి, మరిచిపోయిన సంచులు యజమానులకి చేరుస్తోంది. 139 నెంబరుకి ఫోను చేస్తే ముందున్న స్టేషన్‌కి కబురు పోతుంది. దొంగతనమైతే కేసు రాసేది రాష్ట్ర ప్రభుత్వపు రైల్వే పోలీసులు. నేను రెండు గదుల మధ్య తిరిగింది ఈ తేడా తెలియకే. మొదటి ఐదు నిమిషాల్లో 139కి చేసి ఉంటే పొందూరులోనో, ఆమదాలవలసలోనో ఎవరైనా పెట్టె ఎక్కి చూసి ఉండేవారేమో.

ఏ పెట్టె అన్న ప్రశ్నకి జవాబు కూడా ఉందని తర్వాత తెలిసింది. ప్రతి బోగీకీ పక్కన పెద్ద అంకెలతో ఒక నెంబరు రాసి ఉంటుంది, ఐదో ఆరో అంకెలు. మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరం. బెర్తు లేనివాడికి అదే చిరునామా. ఎక్కేముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే సరి. ఇంజను నుంచి ఎన్నో పెట్టె, ఏ వైపు బల్ల, ఇవి చెప్పగలిగితే వెతికేవాడి పని సగం తీరుతుంది. సంచీ లోపల పేరూ ఫోన్ నెంబరూ రాసిన చీటీ వెయ్యడం మాత్రం మరవకండి. నన్ను కాపాడింది చట్టం కాదు, హాల్‌టిక్కెట్టు.

మన విజయనగరానికి ఇంకో చిక్కుంది. జంక్షన్ కదా. విశాఖ నుంచి వచ్చిన బండి ఇక్కణ్ణించి ఒకటి పలాస వైపు, ఇంకొకటి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు పోతుంది. రాయగడ బండిలో మరిచిన సంచీ రెండు మూడు గంటల్లో ఒడిశా చేరుతుంది. రాష్ట్రం మారింది, రైల్వే పోలీసులు మారేరు, పుస్తకంలో రాసే భాష మారింది. వాల్తేరు డివిజన్‌ని విడదీసి ఒక భాగాన్ని విశాఖపట్నం డివిజన్‌గా, మిగతా దాన్ని రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్‌గా చెయ్యడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. జోన్ కోసం మనవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడేరు, సంతోషమే. అయితే ఆ గీతకి అటూ ఇటూ రోజూ తిరిగే కూలీల మూటల గురించి ఎవరైనా ఒక్క ముక్క మాట్లాడేరా?

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండల మధ్య పలాస పాసింజర్ని వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయేరు. 2017 జనవరిలో, అప్పటి మన జిల్లాలోని కూనేరు దగ్గర హిరాఖండ్ పట్టాలు తప్పినప్పుడు సుమారు 40 మంది. ప్రాణాల ముందు సంచులేమిటని మీరనవచ్చు. కాని కాళ్ళు విరిగి ఆస్పత్రిలో పడ్డ కూలీకి పట్టాల పక్కన మిగిలిన మూటలో ఆర్నెల్ల కూలి డబ్బు ఉండవచ్చు. ప్రమాదాల్లో మాత్రం చట్టం వేరుగా ఉంది: 124వ సెక్షను ప్రకారం చావుకీ, గాయానికే కాదు, ప్రయాణికుడు వెంట తెచ్చుకున్న సొంత వస్తువులు పోయినా, పాడైనా, ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేకుండా పరిహారం అడగవచ్చు. రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కి ఏడాది లోపల దరఖాస్తు పెట్టాలి. ఎక్స్‌గ్రేషియా మాట అందరికీ తెలుసు. మూట మాట ఎవరూ చెప్పరు.

పెద్దవాళ్ళకీ తప్పలేదు లెండి ఈ మతిమరుపు. 1912లో లండన్‌లో రవీంద్రుడి ఆంగ్ల గీతాంజలి రాతప్రతి ఉన్న పెట్టెని ఆయన కొడుకు రథీంద్రనాథ్ భూగర్భ రైల్లో వదిలేసి దిగిపోయేడు. పోయిన సామాన్ల ఆఫీసులో దొరికింది. మరుసటి ఏడు నోబెల్ బహుమానం వచ్చింది. 1919లో టి. ఇ. లారెన్స్ తన పుస్తకం రాతప్రతిని రీడింగ్ స్టేషన్లో పోగొట్టుకున్నాడు. అది మరి దొరకలేదు. జ్ఞాపకం మీద తిరగరాసేడు. నా మార్కుల జాబితా జ్ఞాపకం మీద రాస్తే ఎవరొప్పుకుంటారు? డిజీలాకర్ ఉంది కదా అంటారు. ఉంది. కౌన్సెలింగులో మాత్రం "ఒరిజినల్ ఏదీ?" అన్నారు. నకళ్ళు తీసుకోవాలంటే పోలీసు కాగితం, అఫిడవిట్టు, ఫీజు, మళ్ళీ ప్రయాణాలు. ఈలోగా సీటు ఇంకొకడిది.

అవ్వకి నేను డబ్బివ్వబోతే బేరం పోయిన పూటకి సరిపడా తీసుకుంది, మిగతాది వెనక్కిచ్చింది. తర్వాత, "ఓ సీటీ రాసి ఇయ్యి బావూ. కాయితాలు నీకు ముట్టినాయని. రేపు ఎవుడైనా అడిగితే సూపిస్తాను" అంది. నోటుబుక్కులో కాగితం చింపి రాసి, సంతకం పెట్టి ఇచ్చేను. పంతులుగారు సాక్షి సంతకం చేసేరు. ఆమె దాన్ని రవికలో దాచుకుంది.

నేను రైల్వే వారిని అడిగేది ఆ చీటీయే. దొరికిన వస్తువు తెచ్చిచ్చినవాడికి, వాడు శనక్కాయలు అమ్మేవాడైనా సరే, "నువ్వెవరు?" అని అడగక ముందు "ఫలానా వస్తువు అప్పగించేవు" అని ఒక రసీదు. దొరికిన సామాన్ల జాబితా ఒకటి ప్లాట్‌ఫారం మీద నల్లబల్ల మీద, తెలుగులోనూ ఒరియాలోనూ. రాయడానికి సుద్దముక్క చాలు.

ఇక మన యూనియన్ వారికి. పాసింజర్ల మీద వచ్చేపోయేవాళ్ళం మనలో వందల మంది ఉన్నాం. యూనియన్ గదిలో ఒక పుస్తకం పెట్టండి: దొరికినవి ఒక పక్క, పోయినవి ఒక పక్క. స్టేషన్‌కి వెళ్ళడానికి భయపడే అమ్మకందార్లు ఇక్కడికి తెచ్చి ఇవ్వవచ్చని బళ్ళలో మనమే చెబుదాం. ఇచ్చినవాళ్ళకి రసీదు రాసి, వస్తువుని స్టేషన్‌లో మనమే అప్పగిద్దాం, వాళ్ళ దగ్గరా రసీదు తీసుకుందాం. వార్షికోత్సవం పందిరికి అయిన ఖర్చులో ఇది ఎన్నో వంతో కోశాధికారిగారికే తెలియాలి. డబ్బు లేదంటారా, పుస్తకం నేను కొనిస్తాను. రసీదు పుస్తకం కూడా.