పాస్‌బుక్కును కాదు, చేనును లెక్కబెట్టండి

రఘునాథపల్లి మండల రైతులకు, కౌలుదారులకు, చదువుకున్న పిల్లలకు

సర్వే అంటూ మొన్న మన ఊళ్లకు వచ్చినవాళ్లు మొదట అడిగింది పాస్‌బుక్కు. ఉన్నదన్నవాళ్ల దగ్గర కూర్చుని పంట, పెట్టుబడి, అప్పు అన్నీ రాసుకున్నారు. లేదన్నవాళ్ల గడప దిగి పోయారు. ఇక ఆ కాగితాల మీదే సగటు తీస్తారు, రైతు నిలదొక్కుకున్నాడని రాస్తారు.

వేలమందిని అడిగామంటారు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగుచేసి, అధ్యక్షుడిగా లాండన్ గెలుస్తాడని చెప్పింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కు పోయాయి. ఆ పత్రిక పేర్లు ఏరుకున్నది ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. గణాంకశాస్త్రంలో దీన్ని ఎంపిక పక్షపాతం అంటారు. ఇంకో లక్షమందిని అడిగినా ఇది పోదు.

మన దగ్గర ఈ తప్పు ప్రాణాల మీదికొచ్చింది. 1997-98లో వరంగల్ పత్తి రైతులు పురుగుమందు తాగి వరుసగా చనిపోయారు. ఇట్లా చనిపోయిన రైతుల కుటుంబాలకు పరిహారమిచ్చే జీవో 421 2004లో వచ్చింది. దాని కింద త్రిసభ్య కమిటీ వచ్చి చచ్చినవాడు రైతేనా అని విచారించేది. పట్టా లేదు, షావుకారు అప్పుకు కాగితం లేదు. అయితే రైతు కాదు! జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2013లో దేశం మొత్తం మీద వ్యవసాయదారుల ఆత్మహత్యలు 11,772. మరుసటి ఏడు రైతుల ఆత్మహత్యలు 5,650. చావులు సగమయ్యాయా? పట్టిక మార్చారు. 6,710 మందిని వ్యవసాయ కూలీలని వేరే గడిలో వేశారు. రెండూ కలపండి: 12,360. 2018లో తెచ్చిన రైతుబీమా 5 లక్షలూ పట్టాదారుకే. కౌలుకు దున్ని చచ్చినవాడి ఇంటికి పైసా రాదు, ఆ జాబితాలో పేరూ ఉండదు. ఇట్లా వడగట్టిన జాబితా చేతిలో పెట్టుకుని పథకం ఫలించిందనడం పచ్చి మోసం.

సర్వేకొచ్చేవాళ్లకు మన మాట ఇది: ఊరి సర్వే నంబర్లన్నీ చీటీలు రాసి అందరి ముందు తీయండి. పడ్డ నంబరు చేనుకే పోండి, రోడ్డు పక్క చేనుకు కాదు. దున్నేదెవరో అడిగి రాయండి. మనిషి దొరక్కపోతే మళ్లీ పోండి. కౌలుదారు లెక్క, పట్టాదారు లెక్క విడివిడిగా అచ్చువేయండి.

కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందని పట్టాదారులు భయపడతారట. 2011 సాగుదారుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే రుణ అర్హత కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఆ మాట చట్టంలోనే ఉంది. ఆ కార్డులు మళ్లీ ఇవ్వాల్సిందే.

వచ్చే సోమవారం జనగామ కలెక్టరేట్‌లో ప్రజావాణికి కదలండి. కౌలు కాగితం లేనివాళ్లు ఎరువుల దుకాణం చిట్టీ, పత్తి అమ్మిన తక్‌పట్టీ ఏది ఉంటే అది పట్టుకురండి.