ఫోకస్ తప్పితే సెన్సార్ కడిగిస్తారా?

ఫోటో బ్లర్‌గా వచ్చింది. కెమెరా షాపుకి తీసుకెళ్లారు. "సెన్సార్ మీద డస్ట్ ఉంది, క్లీన్ చేస్తే సెట్ అయిపోద్ది" అన్నారు. డబ్బులు కట్టి తెచ్చుకున్నారు. మళ్లీ బ్లరే. ఇది మీకు జరిగి ఉంటే, ఆ రోజు క్లీన్ అయింది మీ జేబు ఒక్కటే.

మా బావకి రెండుసార్లు జరిగింది. బావది నర్సీపట్నం. గొలుగొండ, రోలుగుంట, నాతవరం వైపు పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాడు. మిడ్ రేంజ్ డీఎస్‌ఎల్‌ఆర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, దానికి 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. మొన్న సీజన్‌లో ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం ఫోటోలన్నీ ఒకేలా పోయాయి. పెళ్లికూతురి మెడలో దండ షార్ప్, కళ్లు సాఫ్ట్. ఆ ముహూర్తం మళ్లీ రాదు కదా. వాళ్లు బ్యాలెన్స్ డబ్బుల్లో కోత పెట్టారు. సిటీలో ఒక షాపులో చూపిస్తే సెన్సార్ క్లీనింగ్ అని 1,200 తీసుకున్నారు. తర్వాత పెళ్లిలోనూ అదే కథ. మళ్లీ వెళ్తే మళ్లీ క్లీనింగ్, మళ్లీ 1,200.

సంక్రాంతికి నేను ఊరెళ్లేసరికి బావ కెమెరాని ఓఎల్‌ఎక్స్‌లో పెట్టడానికి రెడీగా ఉన్నాడు. "ఏటోరా బామ్మర్దీ, దీనికి చూపు మందగించేసింది" అన్నాడు.

చూపు మందగించలేదు. వాళ్లు కడిగింది వేరే పార్టుని. నా భాషలో చెప్పాలంటే, లాగిన్ పేజీలో బగ్ ఉందంటే ప్రింటర్ రీస్టార్ట్ చేసినట్టు.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో మీరు వ్యూఫైండర్‌లోంచి చూసి ఫోకస్ చేసేటప్పుడు సెన్సార్ అసలు పనిలోనే ఉండదు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురులో ఎక్కువ భాగం అద్దం మీద పడి పైకి, మీ కంటికి వెళ్తుంది. కొంత మాత్రం ఆ అద్దంలోంచి దాటి, దాని వెనకున్న ఇంకో చిన్న అద్దం మీద పడి కిందికి తిరుగుతుంది. మిర్రర్ బాక్స్ అడుగున ఆటోఫోకస్ మాడ్యూల్ అని వేరే ఉంటుంది. ఫోకస్ కొలిచేది అది. బటన్ నొక్కాక అద్దాలు పైకి లేస్తాయి, అప్పుడు గానీ సెన్సార్‌కి వెలుతురు తగలదు. అంటే కొలత ఒక చోట, ఫోటో ఇంకో చోట. లెన్స్ నుంచి ఆ రెండు చోట్లకీ దూరం సరిగ్గా సమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మాడ్యూల్ "ఓకే" అంటుంది, సెన్సార్ మీద మాత్రం ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతుంది. ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ అంటారు వీటినే.

మరి సెన్సార్ మీద దుమ్ము ఏం చేస్తుంది? మచ్చలు వేస్తుంది, అంతే. అవి కూడా ఎఫ్/16, ఎఫ్/22 లాంటి చిన్న అపర్చర్‌లో, ఆకాశం లాంటి ప్లెయిన్ బ్యాక్‌గ్రౌండ్ మీదే బాగా కనిపిస్తాయి. ఎఫ్/1.8లో పెళ్లి ఫోటో తీస్తే చాలావరకు కనపడవు. ఇంకో సంగతి, వ్యూఫైండర్‌లో చూస్తే కనిపించే నల్ల చుక్కలు సెన్సార్ మీదవి కావు. అవి ఫోకసింగ్ స్క్రీన్ మీదవి, ఫోటోలోకి రావు. వాటిని చూసి క్లీనింగ్‌కి పరిగెత్తిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఒకడు నేనే.

ఇవి రెండూ వేర్వేరు జబ్బులని కంపెనీల చరిత్రే చెప్తుంది. 2007లో కెనాన్ 1డీ మార్క్ 3 వచ్చినప్పుడు, ప్రొఫెషనల్ కెమెరా అయ్యుండి కదిలే సబ్జెక్టుల మీద ఫోకస్ తప్పుతోందని గోల గోల అయింది. కంపెనీ సరిచేసింది నేను పైన చెప్పిన ఆ చిన్న అద్దం మెకానిజాన్ని. సెన్సార్‌ని కాదు. నికాన్ డీ600ది రివర్స్ కేసు. 2012లో వచ్చింది, వాడుతుంటే సెన్సార్ మీద మచ్చలు పేరుకునేవి. మొదట బ్లోయర్ కొట్టుకోండి, తగ్గకపోతే సర్వీస్ సెంటర్‌కి రండి అన్నారు. 2013లో మారిన షట్టర్‌తో డీ610 దించారు. 2014 ఫిబ్రవరికి గానీ, వారంటీ అయిపోయినా సరే, షట్టర్‌తో సహా ఫ్రీగా మారుస్తామని ప్రకటించలేదు. ఆ ఏడాది మార్చిలో చైనా ప్రభుత్వ టీవీ ఈ సంగతి బయటపెట్టాక అక్కడ డీ600 అమ్మకాలే ఆపించారు. అంత రచ్చలో కూడా కంప్లైంట్ మచ్చల గురించే.

కాబట్టి షాపుకి వెళ్లే ముందు ఇంట్లో పావుగంట టెస్ట్ చేయండి. మేం డాబా మీద ఎండలో చేశాం. గోడకి న్యూస్‌పేపర్ అంటించి, దాని పక్కనే ఒక పొడుగు స్కేల్‌ని వాలుగా పెట్టాం, సగం పేపర్‌కి ముందు, సగం వెనక ఉండేలా. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కి 50 రెట్ల దూరంలో, అంటే 50 ఎంఎంకి రెండున్నర మీటర్ల దూరంలో ట్రైపాడ్. అపర్చర్ ఎఫ్/1.8, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే, సింగిల్ ఏఎఫ్. వ్యూఫైండర్‌తో పది ఫోటోలు, ప్రతిసారీ ఫోకస్ రింగ్ తిప్పి పాడుచేసి మళ్లీ ఫోకస్ చేస్తూ. తర్వాత లైవ్ వ్యూలో పది. లైవ్ వ్యూలో అద్దం లేచే ఉంటుంది కాబట్టి ఫోకస్ కొలిచేది సెన్సారే.

లైవ్ వ్యూలో పదికి పది షార్ప్. వ్యూఫైండర్‌వి ఎనిమిది ముందుకి పడ్డాయి. అంటే లెన్స్ బాగుంది, సెన్సార్ బాగుంది, మధ్యలో కొలతే తేడా. రెండింట్లోనూ బ్లర్ వచ్చి ఉంటే లెన్స్‌ని అనుమానించేవాణ్ణి. ఒక్కోసారి ఒక్కో వైపు పడి ఉంటే ముందు మా చేతుల్ని అనుమానించేవాణ్ణి.

చేతుల తప్పు కూడా తక్కువేం కాదు, బావ ఒప్పుకోడు గానీ. క్రాప్ సెన్సార్ మీద 50 ఎంఎం ఎఫ్/1.8తో రెండు మీటర్ల దూరంలో ఫోకస్‌లో ఉండేది సుమారు పది సెంటీమీటర్ల లోతే. ఫోకస్ పాయింట్ ఆటోలో పెడితే కెమెరా ఎక్కువగా దగ్గరున్న దాన్నే పట్టుకుంటుంది. పెళ్లిలో దగ్గరుండేది దండ, అడ్డుతెర, పంతులుగారి చెయ్యి. అలాగే 1/50లో తీసి చెయ్యి కదిలితే వచ్చే బ్లర్‌ని ఫోకస్ బ్లర్ అనుకునేవాళ్లు బోలెడు. లంబసింగి మంచులో తెల్లారి లెన్స్ అటూ ఇటూ వెతుక్కోవడం కూడా ఫాల్ట్ కాదు. పొగమంచులో కాంట్రాస్ట్ లేక దానికి పట్టు దొరకదు.

బావ కెమెరా అదృష్టం ఏంటంటే మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది. మైనస్ 20 నుంచి ప్లస్ 20 వరకు ఒక నంబర్. ప్లస్ 8 పెట్టాం, పది తీస్తే తొమ్మిది కరెక్ట్. ఖర్చు సున్నా.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇది ఒక ఆఫ్‌సెట్ నంబర్, అంతే. సాఫ్ట్‌వేర్. కెనాన్ 2008లో 50డీలో ఇచ్చింది, 2010లో 60డీలో తీసేసింది, 2013లో 70డీలో మళ్లీ పెట్టింది. 1500డీ లాంటి ఎంట్రీ మోడల్స్‌లో, నికాన్ డీ3000, డీ5000 సిరీస్‌లలో అసలు లేదు. నేర్చుకునేవాళ్లు, డబ్బులు తక్కువున్నవాళ్లు కొనేవి అవే. వాళ్లకే ఈ నంబర్ దాచిపెట్టడం నా దృష్టిలో పక్కా పిసినారితనం. అలాంటి కెమెరా ఉంటే నిలబెట్టి తీసే ఫోటోలకి లైవ్ వ్యూ వాడండి. వారంటీ ఉంటే బాడీ, లెన్స్ రెండూ కలిపి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చి, "క్లీనింగ్" కాదు, "ఫోకస్ క్యాలిబ్రేషన్" అని రాయించండి.

మిర్రర్‌లెస్ కాలంలో ఈ గోల ఎందుకని కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. నిజమే, అందులో సెన్సార్ మీదే కొలత, ఈ తేడాకి చోటే లేదు. కానీ జనం మిర్రర్‌లెస్‌కి మారిపోయి అమ్మేస్తున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు కొనేది మనలాంటి వాళ్లమే. కొనేముందు ఈ టెస్ట్ అక్కడికక్కడే చేయొచ్చు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

క్లీనింగ్ అసలు వద్దని కాదు. ఎఫ్/16లో ఆకాశం తీసి మచ్చలు కనిపిస్తే చేయాల్సిందే. ముందు బ్యాటరీ ఫుల్‌గా పెట్టి, మాన్యువల్ క్లీనింగ్ మోడ్‌లో అద్దం లేపి, కెమెరా మూతి నేలకి ఉంచి రబ్బరు బ్లోయర్ కొట్టండి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. స్ప్రే డబ్బా గాలి అస్సలు వద్దు. చాలావాటికి ఇంతే చాలు. పోకపోతేనే తడి స్వాబ్, క్రాప్ సెన్సార్‌కి 16 ఎంఎం, ఫుల్ ఫ్రేమ్‌కి 24 ఎంఎం. ఒకసారి అటు, ఒకసారి ఇటు, పారేయడమే. ఫోటోలో మచ్చ పై ఎడమ మూలన ఉంటే, కెమెరాకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు సెన్సార్ మీద అది కింద ఎడమ మూలన ఉంటుంది, తలకిందులు కాబట్టి.

ఈ చివరి ముక్క నాకు బావ కెమెరా వల్లే పనికొచ్చింది. ఫోకస్ సెట్ అయ్యాక లంబసింగి వెళ్లి ఎఫ్/16లో ఆకాశం తీశాం. కుడివైపు పైనుంచి ఒక పొడుగు చార. స్వాబ్ తడి ఆరిన మరక. 2,400 పెట్టి చేయించిన రెండు క్లీనింగుల్లో ఏదో ఒకదాని గుర్తు.

ఉగాదికి వెళ్లినప్పుడు నేనే తుడుస్తానని చెప్పాను, 16 ఎంఎం స్వాబ్‌లు ఆర్డర్ పెట్టాను కూడా. బావ ఒక్కటే కండిషన్ పెట్టాడు. ముందు నీ కెమెరా మీద చేసి చూపించు అన్నాడు.