గడియారం వెల ఎన్ని గంటలు?

కాలాన్ని కొలవడం మానవుని ప్రాచీనమైన అవసరాలలో ఒకటి. ఖమ్మం మైదానం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు సాగినకొద్దీ అడవి దగ్గరవుతుంది. ఆ అడవి అంచు పల్లెలలో ఇప్పపూలు రాలడం ఒక కాలానికి గుర్తు. తునికాకు కోత మరొక కాలానికి గుర్తు. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో సైరన్ కూత షిఫ్టు మార్పును తెలుపుతుంది. భద్రాద్రిలో శ్రీరామనవమినాడు అభిజిత్ లగ్నంలో జరిగే సీతారాముల కల్యాణానికి నిమిషాలతో సహా లెక్క ఉంటుంది. ఇన్ని కాలమానాలు గల ఈ సీమలోని యువకులను సైతం నేడు మరొక గడియారం ఆకర్షిస్తున్నది. అది చూపేది కాలాన్ని మాత్రమే కాదు, తన అరుదుదనాన్ని కూడా. దానినే ‘లిమిటెడ్ ఎడిషన్’ వాచీ అంటున్నారు.

తయారీదారు ముందుగానే ఒక సంఖ్యను నిర్ణయించి, అన్ని వాచీలు మాత్రమే చేస్తామని ప్రకటిస్తాడు. సాధారణంగా ప్రతి వాచీ వెనుక మూత మీద దాని క్రమసంఖ్యను చెక్కుతారు. పనితనంలో అది తక్కిన వాచీలను మించినదే కానక్కరలేదు. అనేక సందర్భాలలో లోపలి యంత్రం ఒక్కటే. డయలు రంగు, వెనుక మూత మీది చెక్కడం, అమ్మే పెట్టె మాత్రమే వేరు. అయినా వెల పెరుగుతుంది, కొనేవారూ పోటీపడతారు. ఆ అధికమైన వెల దేనికి చెల్లిస్తున్నామన్నదే ఆలోచించదగిన విషయం.

కాలాన్ని కచ్చితంగా తెలుసుకోవడానికైతే ఇంత వ్యయం అక్కరలేదు. జపాన్‌కు చెందిన సీకో సంస్థ 1969 డిసెంబరు 25న తొలి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని విపణిలోకి తెచ్చింది. నేటి సాధారణ క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. కీ ఇచ్చే వాచీ రోజుకు కొన్ని సెకన్లు తప్పితే, క్వార్ట్జ్ వాచీ నెలకు కొన్ని సెకన్లు మాత్రమే తప్పుతుంది. కొద్ది వందల రూపాయలకే అది దొరుకుతుంది. కనుక అరుదైన వాచీని కోరే అభిమాని కొనేది కాలాన్ని కాదు. ఒక పనితనాన్ని, ఒక కథను.

కథకు విలువ ఉండడం తప్పు కాదు. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 నౌక చంద్రుని వైపు వెళ్తూ ప్రమాదానికి లోనైనప్పుడు, అందులోని వ్యోమగాములు విద్యుత్తును పొదుపు చేయడానికి పరికరాలను ఆపివేశారు. తిరుగుదారిని సరిచేసుకోవడానికి ఇంజనును 14 సెకన్లు మండించవలసి వచ్చినప్పుడు చేతికున్న ఒమేగా వాచీతోనే ఆ సెకన్లను లెక్కించారు. ఆ ఘటనకు గుర్తుగా ఒమేగా సంస్థ 2015లో 1,970 వాచీలను మాత్రమే తయారు చేసింది. మన భద్రాచలంలోనూ ఇటువంటి భావన ఉన్నది. రామదాసు చెర విడిపించడానికి రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షల రామమాడలు చెల్లించారని భక్తుల విశ్వాసం. వారి దృష్టిలో రామమాడ విలువ దానిలోని లోహానిది కాదు, ఆ కథది. వస్తువును కథతో కలిపి చూడడం మనిషి సహజగుణం.

అయితే అరుదుదనం రెండు విధాలు. ఒకటి అమ్మకందారు సంకల్పించి కల్పించినది. రెండవది కాలం కల్పించినది. ఈ రెండవదానికి మన దేశపు చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ 1961లో జపాన్‌లోని సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో చేతిగడియారాల తయారీని ప్రారంభించింది. హెచ్.ఎం.టి. అన్న మూడక్షరాలతో అది ఇంటింటా పరిచితమైనది. ఆ సంస్థ వాచీలలో ‘జనత’ ఒకటి. పేరులోనే దాని ఉద్దేశం తెలుస్తున్నది. అది కొద్దిమంది కోసం చేసినది కాదు. జనులందరి కోసం చేసినది. ప్రతిదినం కీ ఇచ్చి నడుపుకొనే ఆ వాచీలు బడిపంతుళ్ల చేతుల మీద, గుమాస్తాల చేతుల మీద, కార్మికుల చేతుల మీద దశాబ్దాల పాటు నడిచాయి.

1984లో టాటా సంస్థ, తమిళనాడు ప్రభుత్వరంగ సంస్థ కలిసి టైటాన్‌ను స్థాపించాయి. తెలుగువారు ఎందరో నివసించే హోసూరులో దాని కర్మాగారం వెలసినది. క్వార్ట్జ్ వాచీల రాకతో ప్రజల అభిరుచి మారినది, హెచ్.ఎం.టి. నష్టాల పాలైనది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. అటు తరువాత ఆ పాత వాచీల కోసం అభిమానుల వెదుకులాట అధికమైనది. విరివిగా దొరికిన నాడు పెట్టె అడుగున పడవేసిన వస్తువును, కర్మాగారం మూతపడిన తరువాత అపురూపమని వెదకడం విచిత్రమే. నిజానికి ఎవరూ సంకల్పించని లిమిటెడ్ ఎడిషన్ అది. దాని వెనుక క్రమసంఖ్య ఉండకపోవచ్చు. ఒక తరం శ్రమ మాత్రం ఉన్నది.

అభిరుచి వ్యామోహంగా మారకుండా ఉంటే ఏమవుతుందో హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం తెలుపుతుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కళాఖండాలతో పాటు గడియారాలను కూడా ఎంతో మక్కువతో సేకరించాడు. ఆయన 1949లో మరణించాడు. 1951 డిసెంబరులో ఆ సేకరణ మ్యూజియంగా ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అక్కడి సంగీత గడియారంలో గంట గంటకూ చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొడుతుంది. ఆ ఒక్క నిమిషం కోసం పిల్లలూ పెద్దలూ గుమిగూడి నిరీక్షిస్తారు. ఆయన జాగీర్దారు కనుక అంతటి సంపద ఆయనకు సాధ్యమైనది. మనకు సాధ్యం కాదు. కాని ఒక సత్యం గ్రహించవచ్చు. పదిమంది చూచి ఆనందించినప్పుడే సేకరణకు సార్థకత కలుగుతుంది. పెట్టెలో తాళం వేసి దాచిన వాచీ, తన పని తాను చేయని వాచీ.

ఇక వెల సంగతి. వాచీ వెలను రూపాయలలో చూడడం అందరికీ అలవాటే. దానిని గంటలలోకి మార్చి చూడడం నేర్చుకోవాలి. అడవి అంచు పల్లెలలో వేసవి ఎండలో తునికాకు సేకరించే కుటుంబం, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున లెక్కించి కూలి పొందుతుంది. ఆ ఇంటి కుమారుడు పట్టణంలోని కళాశాలకు వచ్చి, తోటివారి మణికట్టు చూచి, వాయిదాల పద్ధతిలో ఖరీదైన వాచీ కొన్నాడనుకొందాం. అతడు కొన్నది ఎన్ని కట్టల ఆకు? తల్లి నడుము వంచి గడిపిన ఎన్ని ఉదయాలు? ఆ లెక్క వేయకుండా కొన్న గడియారం ఇతరుల కాలాన్ని హరించి, తన కాలాన్ని చూపుతున్నదన్నమాట. స్వార్జితంతో, అప్పు లేకుండా, తన గంటలను తానే చెల్లించి కొనుక్కొనేవారిని తప్పుపట్టవలసిన పని లేదు.

ఇది వ్యయం కాదు, పెట్టుబడి అని వాదించేవారు ఉన్నారు. కొన్ని వాచీల వెల పెరిగిన మాట నిజం. కాని 2022 తొలి నెలల వరకు మారువిక్రయ విపణిలో విపరీతంగా పెరిగిన విదేశీ వాచీల వెలలు పిదప తగ్గుముఖం పట్టాయి. పైగా ఒక సంస్థ ఏటా అనేక రకాల ‘లిమిటెడ్’ వాచీలను విడుదల చేస్తుంటే, వాటిలో ఏది నిజంగా అరుదైనది? నకిలీల బెడద మరొకటి. పాత హెచ్.ఎం.టి. వాచీలకు గిరాకీ పెరగగానే, కొత్తగా రంగువేసిన డయళ్లతో, వేర్వేరు వాచీల భాగాలను కూర్చినవాటిని అసలైనవిగా అమ్మేవారు బయలుదేరారు. అందుచేత కొనదలచినవారు ముందుగా వాచీ మూత తెరిపించి లోపలి యంత్రాన్ని చూడాలి. డయలు, ముళ్లు, యంత్రం ఒకే కాలానికి చెందినవో కావో అనుభవజ్ఞుని చేత పరీక్ష చేయించాలి. తొందరపెట్టే అమ్మకందారును నమ్మరాదు.

ఆ అనుభవజ్ఞులు మనకు దూరంలో లేరు. పట్టణాల బజార్లలో ఇరుకైన గదులలో కంటికి భూతద్దం బిగించి, పట్టకారుతో సన్నని చక్రాలను అమర్చే వాచీ మరమ్మతుదారులు ఇంకా ఉన్నారు. కీ ఇచ్చే వాచీ నడవాలంటే వారి నైపుణ్యం నిలవాలి. నూరవ వాచీ కొనడంకంటె ఇంట్లో ఆగిపోయిన తాతగారి వాచీని వారి దగ్గర బాగుచేయించి ధరించడం మేలైన అభిరుచి అని నా అభిప్రాయం. దాని కథ ఎవరూ అచ్చువేసి పెట్టెలో పెట్టి ఇచ్చినది కాదు. అది ఆ కుటుంబానిదే.

అరుదైన వస్తువును ప్రేమించడం సంస్కారమే. ఆ అరుదుదనాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో తెలుసుకొని ప్రేమించడం వివేకం. వాచీల సంఖ్యను కర్మాగారం పరిమితం చేయగలదు. మన జీవితంలోని గంటల సంఖ్య పుట్టుకతోనే పరిమితం. వాచీని కొనే ముందు దాని వెనుక చెక్కిన సంఖ్యను కాదు, దానికై వెచ్చించే గంటల సంఖ్యను చదవడం యువతరం అలవరచుకోవాలి.