బందరుకు రేవొక్కటే చాలదు

మచిలీపట్నం అన్నది బోర్డుల మీది పేరు, బస్సెక్కేవాడికి అది బందరే. పారశీకంలో బందరంటే రేవు. 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొఠీ పెట్టారు. డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. 1864 ఉప్పెన వేల ప్రాణాలు మింగింది, రేవూ చిక్కిపోయింది. అయినా చిలకలపూడి రోల్డుగోల్డు, పెడన కలంకారీ జనానికి కూడు పెట్టాయి. ఈ కలంకారీలో కరక్కాయ రసం, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లంలో తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగును అచ్చుతో అద్దుతారు, చెయ్యి వణికితే గుడ్డ పాడే. ఈ చేతిపని నిలిచినా, 1923లో ఇక్కడ పుట్టిన ఆంధ్రా బ్యాంకు మాత్రం 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2023లో పనులు మొదలైన కొత్త పోర్టు రావాల్సిందే. అయితే బొగ్గుకీ ఎరువులకీ చోటు చూసే పెద్దలు పెడన గుడ్డకూ ఒక గోదాము ఇప్పుడే రాసిపెట్టాలి.