టైల్ కింద ఏముంది?

కడప ఎక్కడుందో తెలియని ముంబై ఇల్లాలికి కూడా ఆ పేరు తెలుసు. వంటగట్టు మీద పరిచే నల్లరాయిని అక్కడ ‘కడప్పా’ అనే పిలుస్తారు. మరి కడపలో? కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఆదివారం వస్తే పిల్లాపాపలతో టైల్స్ దుకాణాలకు వెళ్తున్నారు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చిన పెట్టెలు విప్పించి, పాలరాయిని తలపించేదొకటి, చెక్కలా కనిపించేదొకటి నేలమీద పేర్పించి చూసుకుంటున్నారు. మన దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం ఆ ఒక్క ఊరి చుట్టుపక్కలదే. కర్నూలులోనూ ఇదే వరస. పక్క జిల్లా నంద్యాలలోని బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నా సరే, ఇంట్లోకి మాత్రం టైలే కావాలంటున్నారు.

వాళ్లను తప్పుపట్టే పనిలేదు. నాపబండ చల్లగా ఉంటుంది, తరాల తరబడి ఉంటుంది. కానీ దానికి పులుపు పడదు. నిమ్మచెక్క పిండినచోట, చింతపండు రసం ఒలికినచోట మెరుపు పోయి మచ్చ తేలడం సీమలో ప్రతి ఇల్లాలూ చూసిందే. అది సున్నపురాయి కదా, ఆమ్లం తగిలితే కరుగుతుంది. వాననీటిలో ఉండే కాస్తపాటి ఆమ్లమే యుగాల తరబడి పనిచేసి ఈ జాతి రాతిలోనే బెలుం గుహల్ని తొలిచింది. ఇక మన వంటింట్లో బండ ఎంత! టైల్‌కు ఆ బెడద లేదు. రంగులకు కొదవ లేదు. ఓ రోజు ఆలస్యమైతే అయింది గానీ, పాలిష్ మిషన్ బురద ఇల్లంతా చిమ్మే బాధా లేదు.

చిక్కంతా తర్వాతే వస్తుంది. టైల్ ఎంచుకోవడానికి మూడు ఆదివారాలు తిరిగిన కుటుంబం, దాన్ని వేసే మనిషి కోసం ఒక్క పూట కూడా తిరగదు. ‘కింద బండలేసిన మేస్త్రీ ఉన్నాడుగా, ఆయన్నే రమ్మందాం’ అనుకుంటుంది. ఆ మేస్త్రీ కూడా కాదనడు. “ఏం గాదులే సార్, ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని జేస్తాండా” అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. కాకపోతే ఆ ఇరవై ఏళ్లూ చేసింది వేరే పని.

బండలన్నీ ఒకే మందం ఉండవు. ఒకటి అంగుళం ఉంటే పక్కది అంగుళంన్నర. అందుకే బండ మేస్త్రీ కింద మాలు మందంగా పోసి, రాయిని కూర్చోబెట్టి, సుత్తితో కొట్టి మట్టం తెస్తాడు. బండ బరువే దాన్ని అదిమి పెడుతుంది. పైగా అది కొద్దిగానైనా తడిని పీల్చుకుంటుంది కాబట్టి సిమెంటు పాలు పట్టేస్తాయి. నేలకు వాడే విట్రిఫైడ్ టైల్ అలా కాదు. అది పీల్చుకునే నీరు దాని బరువులో అర శాతం కూడా ఉండదు. వీపు గాజులా నున్నన. సిమెంటు పాలు పోసి పెడితే పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల సరిగ్గా పట్టదు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి బిగించేస్తే నడుమ అంతా డొల్ల. అక్కడ రోకలి జారి పడితే పగుళ్లే. రెండు వేసవులు గడిచాక ఓ మధ్యాహ్నం హాలు నడుమ రెండు టైల్స్ ఒకదానికొకటి తన్నుకుని గుడారంలా లేస్తే, టైల్ కంపెనీని తిట్టుకోవడమే మిగులుతుంది.

విట్రిఫైడ్ టైల్‌కు కింద ముందుగా మట్టంగా గచ్చు చేయించి, అది ఆరాక టైల్ అడ్హెసివ్‌తో అతికించాలి. పళ్లున్న తాపీతో గీతలు గీతలుగా పరిచి, రబ్బరు సుత్తితో తట్టాలి. బస్తా మీద రాసినంత నీళ్లే కలపాలి. మన ఎండలకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 40 డిగ్రీలు దాటిన రోజున, పరిచిన అడ్హెసివ్ మీద నిమిషాల్లో పొర కట్టేస్తుంది. వేలు పెడితే అంటుకోకపోతే దానిమీద టైల్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. వేసవిలో పని పెట్టుకుంటే పొద్దున్నే మొదలుపెట్టమనాలి. ఒక్కసారిగా గదంతా పరిచేయకుండా రెండు మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే పరవమనాలి. బాత్రూం గోడలకు వేసే మామూలు సెరామిక్ టైల్ సంగతి దీనికి తలకిందులు. అది నీటిని పది శాతం పైనే పీల్చుకుంటుంది. సిమెంటుతో అతికిస్తుంటే ముందు నీళ్లలో నాననివ్వాలి. లేదంటే మాలులోని తడిని తనే తాగేస్తుంది.

‘సందులు కనిపించకుండా వేయి నాయనా’ అని అడిగేది మనమే. వేడికి టైల్ కొద్దిగా సాగుతుంది, దానికి జాగా కావాలి. ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి 2, 3 మిల్లీమీటర్ల సందు వదలమనండి. గోడ అంచునా కాస్త ఖాళీ ఉంచితే స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది.

మరి అలాంటి మేస్త్రీని పట్టుకోవడమెలా? నిన్న పూర్తి చేసిన ఇంటిని చూపిస్తే చాలదు. నిన్నటి పని ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఏడాది కిందట వేసిన ఇల్లు, అంటే కనీసం ఒక సీమ ఎండాకాలం చూసిన ఇల్లు చూపించమనాలి. ఆ ఇంటివాళ్లు ఏమీ అనుకోకపోతే బాత్రూంలో ఓ చెంబుడు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు మూలన నిలిచాయా, జాలీ దారి పట్టాయా? మీటరు దూరానికి సెంటీమీటరు వాటం ఉంటే నీళ్లు వాటంతటవే పోతాయి. బేరం చదరపు అడుగుకు మాట్లాడుకుంటే స్కర్టింగ్, మెట్లు, మేడ మీదికి మోసే కూలి అందులో కలిశాయో లేదో ముందే కాగితం మీద రాసుకుంటే పేచీ ఉండదు.

లెక్కలో ఒక చిన్న తిరకాసు ఉంది. దుకాణంలో ‘రెండడుగుల టైల్, పెట్టెకు 4, మొత్తం 16 అడుగులు’ అంటారు. నిజానికి ఆ టైల్ 600 మిల్లీమీటర్లే. పెట్టెకు వచ్చేది పదిహేనున్నర చదరపు అడుగులు. 900 అడుగుల ఇంటికి 16తో లెక్కేస్తే 57 పెట్టెలు చాలనిపిస్తుంది. అసలు కావాల్సింది 59. కోతల్లో పోయేదానికి నూటికి ఎనిమిది వంతులు కలిపితే 63. తగ్గాయని నెల తర్వాత వెళ్తే అదే డిజైన్ దొరకొచ్చు, అదే ఛాయ దొరకదు. పెట్టెల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. అన్నీ ఒక్కటేనా అని లారీ దించేటప్పుడే చూసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే అద్దంలా మెరిసే టైల్ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. తడికాలితో బాత్రూం నుంచి వచ్చే నాయనమ్మకు హాలు మెరుపుతో పనిలేదు. తుంటి ఎముక విరిగితే మంచానికి అతుక్కుపోవాల్సిందే. బాత్రూంలో, వాకిట్లో గరుకు టైల్ తప్పనిసరి. ఆ మాటకొస్తే వాకిలికీ, బండి పెట్టేచోటికీ బేతంచెర్ల బండను మించింది లేదు. అరిగితే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు కూడా.

సున్నపురాతి నేలల్లోంచి వచ్చే మన బోరునీళ్ల ఉప్పదనం సంగతి తెలిసిందే. ముదురు రంగు టైల్ మీద తెల్లటి చారికలు వారంలో కడతాయి. వాటిని వదిలించాలని యాసిడ్ పోస్తే టైల్‌కు ఏమీ కాదు గానీ సందుల్లోని సిమెంటు గ్రౌట్ తినేస్తుంది. అక్కడ్నుంచి నీళ్లు కిందికి దిగుతాయి. లేత రంగు ఎంచుకుని, బాత్రూం వరకైనా ఎపాక్సీ గ్రౌట్ పెట్టించుకుంటే కాస్త ఖర్చెక్కువైనా నిశ్చింత.

మేస్త్రీకి ఇవ్వాల్సిన సొమ్ములో ఆఖరి వాయిదా చేతిలో ఉండగానే రూపాయి బిళ్ల పట్టుకుని గదిగదీ తిరగండి. ప్రతి టైల్ మీదా నడుమ ఒకటి, మూలల్లో నాలుగు దెబ్బలు. గట్టి చప్పుడైతే సరే. డొల్లగా మోగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, తీసి మళ్లీ వేయించండి. ఈ పని బీరువాలు, మంచాలు లోపలికి రాకముందే కావాలి. వచ్చాక వాటిని ఎవరూ జరపరు.