పట్టా చేతికొచ్చినంక నాలుగు నెలలు

యూరప్ దేశాలు 2013లో ఒక మాట రాసుకున్నయి: చదువు ముగిసిన, పని పోయిన 25 ఏండ్ల లోపు పిల్లలకు నాలుగు నెలల్లో కొలువో, పై చదువో, పని నేర్పుడో చూపాలె. 2020లో వయసు 30 చేసిండ్రు. అక్కడా రోమా పిల్లలు వెనకనే ఉన్నరనుకోండి. అయినా గడువున్నది, గడువుంటే నిలదీయొచ్చు.

మనకూ అదే 2013లో సబ్‌ప్లాన్ చట్టమొచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చేసింది. పైసలకు చట్టమున్నది, పిల్లగానికి గడువు లేదు. 2022లో 503 గ్రూప్-1 కొలువులన్నరు. లీకేజీతో ఒకసారి, హైకోర్టు తీర్పుతో ఇంకోసారి ప్రిలిమ్స్ రద్దు! ఉన్నోని కొడుకు హైదరాబాద్ గదిలో ఇంకో రెండేండ్లు చదువుతడు. మన ములుగు మాదిగవాడ డిగ్రీ పిల్లగాడు మిర్చి ఏరబోతడు. దీన్నేనా మెరిట్ అనేది?

మేమడిగేది దయ కాదు. పట్టా చేతికొచ్చిన నాలుగు నెలల్లో మన పిల్లలకేం చూపిండ్రో, ఊరూరి లెక్క ములుగు కలెక్టరేట్ గోడకు అంటించాలె. వాడవాడకు వస్తున్నం, సంతకాలు పెట్టండి.